పేరు బడిలో, పిల్ల ఇంట్లో

(దళితవాడలో జరిగిన విద్యా సదస్సులో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే కొద్ది మార్పులతో అచ్చు వేస్తున్నాం.)

 

చదువు గురించి మన సభల్లో చాలా మాట్లాడుకున్నం. హాస్టళ్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, రిజర్వేషన్ల గురించి కొట్లాడినం. కాని మన ఎజెండాలోకి ఎక్కని పిల్లలు కొందరున్నరు. ఈ సభకు వచ్చేటప్పుడు ఇంట్లో విడిచిపెట్టి వచ్చిన పిల్లలు వాళ్లు. నడవలేనోళ్లు, కండ్లు కనపడనోళ్లు, చెవులు వినపడనోళ్లు, మాట తిరగనోళ్లు, ఏది చెప్పినా నిదానంగా అందుకునేటోళ్లు. సర్కారు కాగితాల్లో వీళ్లను 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు' అంటరు. ఇయ్యాల నేను వాళ్ల చదువు గురించే మాట్లాడతాను.

నేను ఇరవై ఏండ్లుగా సర్కారు బడిలో పాఠాలు చెప్తున్న. మా ఇంట్ల డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. మా చిన్నాయన కొడుకు నా ఈడువాడే. వాడికి చెవులు వినపడవు. నన్ను బడికి తోలిన రోజే వాడినీ తీసుకపోయిన్రు. 'చెప్పింది వినపడనోడికి చదువేంది, మేకల ఎంట పంపుండ్రి' అని అక్కడి సారు తిప్పి పంపిండు. వాడు మేకలు కాసిండు. పెద్దయినంక ఒకరింట్ల జీతం ఉన్నడు. మందలో ఒక్క మేక తప్పినా వాడు చూడంగనే చెప్తడు. కాని వాడికి అక్షరం రాదు. ఇద్దరం ఒకే వాడ, ఒకే కులం. నాకు ఒక గోడ అడ్డమొచ్చింది, వాడికి రెండు గోడలు అడ్డమొచ్చినయి. మొదటి గోడను ఎట్ల దాటాలో నాకు ఉద్యమం నేర్పింది. రెండో గోడ గురించి ఉద్యమం ఇప్పుడు మాట్లాడాలె.

మొదలు పేర్ల సంగతి. ఈ పిల్లలకు తల్లిదండ్రులు పెట్టిన పేర్లున్నయి. ఆ పేర్లతో పిలిచేటోళ్లు ఎంతమంది? 'కుంటోడు', 'గుడ్డిది', 'మూగోడు', 'పిచ్చిది'. వాడంతా ఇవే పిలుపులు. ఒకప్పుడు దొర గడీ ముందర మన తాతలకు పేర్లు లేవు, కులం పేరే పిలుపు. దాని మీద తిరగబడినోళ్లం మనం. మన భాషలో సామెతలు చూడండి. కులం పేరు పెట్టి కించపరిచేవి ఎన్ని ఉన్నయో, అవిటితనం పేరు పెట్టి ఎగతాళి చేసేవి అన్ని ఉన్నయి. 'చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు' అంటం. 'గుడ్డెద్దు చేలో పడ్డట్టు' అంటం. పనికిరాని సాకు చెప్తే 'కుంటి సాకు' అంటం. మన ఉపన్యాసాల్లో కూడా ఈ మాటలు దొర్లుతయి.

ఇంకో రకం పేరు కూడా వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ వికలాంగులను 'దివ్యాంగులు' అందామన్నరు. అప్పటినుంచి కార్డుల మీద, ఆఫీసు బోర్డుల మీద అదే రాస్తున్నరు. వికలాంగుల సంఘాలు చాలావరకు దాన్ని ఒప్పుకోలేదు. మనకు ఆ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. మనల్ని 'హరిజనులు' అన్నరు కదా! దేవుడి బిడ్డలని పేరు పెట్టి గుడి బయటనే నిలబెట్టిన్రు. దివ్యమైన అంగాలని పేరు పెట్టి బడి మెట్ల కింద నిలబెడితే ఏం లాభం? పేరు మార్చినంత తేలిక కాదు మెట్టు మార్చుడు.

ఇక కర్మ సంగతి. ఇంట్లో వికలాంగ బిడ్డ పుడితే చూడవచ్చినోళ్లు ఏమంటరు? 'ఏ జన్మల చేసుకున్న పాపమో' అంటరు. ఈ మాట మనకు కొత్త కాదు. అంటరానితనం ఎందుకొచ్చిందంటే కూడా ఇదే జవాబు చెప్పిన్రు. పోయిన జన్మల పాపం చేస్తే మాల మాదిగల ఇండ్లల్ల పుడతరని నమ్మించిన్రు. కులం విషయంల ఆ మాటను కాలదన్నినం. మరి మన బిడ్డ విషయంల అదే మాటను ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నం?

పోలియో సంగతే చూడండి. మా చిన్నప్పుడు ఊరూరా పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ పిల్లలు ఉండేటోళ్లు. అది కూడా పాపమే అనేటోళ్లు. ఇంటింటికి తిరిగి చుక్కల మందు వేసినంక ఏమైంది? సహజంగా సోకే పోలియో వైరస్‌తో దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో పోలియో లేదని ధ్రువపరిచింది. రెండు చుక్కల మందుతో పోయింది పూర్వజన్మ పాపమా?

నల్లగొండ నీళ్లను చూడండి. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అది దాటిన బోరు నీళ్లు ఏండ్ల తరబడి తాగి మర్రిగూడ మండలం చుట్టుపక్కల ఎంతమంది పిల్లల ఎముకలు వంకర పోయినయో మీరు కండ్లార చూసిన్రు. శివన్నగూడెం అంశల స్వామి 2022 జనవరిలో చనిపోయేదాక ఆ నీళ్ల మీదనే కొట్లాడిండు. ఆ పిల్లలను వంచింది విధి కాదు, మంచినీళ్లు ఇయ్యని పాలన. కాబట్టి అవిటితనం కర్మ ఫలం కాదు. చాలాసార్లు అది పేదరికం ఇచ్చింది. తల్లికి రక్తం లేక, కాన్పు కష్టమై ఆస్పత్రికి చేరేలోపు బిడ్డకు ఊపిరి అందక, చెవిలో చీము కారితే సకాలంలో మందు పడక వచ్చింది.

ఇది నా ఊహ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నరు. షెడ్యూల్డు కులాల్లో ప్రతి వందమందిలో 2.45 మంది వికలాంగులు. ఎస్సీ, ఎస్టీలు కాని మిగతా వాళ్లలో 2.18 మంది. తేడా చిన్నదని అనుకోకండి. కోట్ల జనాభా మీద అది లక్షల మంది. అవే లెక్కల ప్రకారం 5 నుంచి 19 ఏండ్ల వికలాంగ పిల్లల్లో వందకు 27 మంది ఎన్నడూ బడి గడప తొక్కలేదు. ఇంకో 12 మంది పోయి మానేసిన్రు. ఆ తర్వాత జనగణన జరగక చాలా ఏండ్లు గడిచింది. అంటే మన పిల్లలు ఎంతమందో సర్కారు సరిగ్గా లెక్కపెట్టకుండానే పథకాలు నడిపిస్తున్నది.

ఇప్పుడు 'సమ్మిళిత విద్య' అంటే ఏందో చెప్తాను. కొందరు 'సహిత విద్య' అంటరు. పేరు ఏదైనా సంగతి ఒకటే. వికలాంగ పిల్లలు మిగతా పిల్లలతో కలిసి, ఊర్లో ఉన్న బడిలోనే, ఒకే గదిలో, ఒకే పంక్తిలో కూసొని చదువుకునుడు. కూసోబెట్టి వదిలేసుడు కాదు. ఆ పిల్లకు ఏం కావాల్నో అది బడి సమకూర్చాలె. పిల్ల బడికి తగ్గట్టు మారాలని కాదు, బడి పిల్లకు తగ్గట్టు మారాలని దాని అర్థం.

బాబాసాహెబ్ సతారాలో బడికి పోయిన కథ మీకు తెలుసు. పేరు బడి రిజిస్టరులో ఉంది. కాని కూసునేది వేరే. ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద, గదిలో ఒక మూలకు. ఆ పట్టాను బడి ఊడ్చే మనిషి కూడా ముట్టడు, రోజూ ఇంటికి మోసుకపోవాలె. దప్పికైతే ప్యూను వచ్చి నల్లా తిప్పాలె. ప్యూను లేకుంటే నీళ్లు లేవు. మరి ఆయన బడిలో ఉన్నట్టా లేనట్టా? రిజిస్టరును అడిగితే ఉన్నడంటది. ఆ గోనెపట్టాను అడిగితే నిజం చెప్తది. ఇయ్యాల మన వికలాంగ పిల్లలు ఆ గోనెపట్టా మీదనే ఉన్నరు.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. 1974లోనే కేంద్రం వికలాంగ పిల్లలను మామూలు బడుల్లో చదివించే పథకం పెట్టింది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 2009లో విద్యా హక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ నుంచి 6 నుంచి 14 ఏండ్ల ప్రతి పిల్లకు ఉచిత నిర్బంధ విద్య హక్కయింది. 2012 సవరణతో వికలాంగ పిల్లలను కూడా అందులో ప్రత్యేకంగా చేర్చిన్రు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండె, ఇందులో 21 రకాలున్నయి. అక్షరాలు తారుమారై చదవలేకపోయే పిల్లల ఇబ్బంది కూడా అందులో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏండ్లు నిండేదాక ఉచిత విద్య హక్కు. తేడా చూపకుండ చేర్చుకోవాలె, బడి కట్టడం వాళ్లకు అనువుగా ఉండాలె, రాకపోకలకు ఏర్పాటు చేయాలె అని 16వ సెక్షను చెప్తది. ఎక్కువ సాయం కావాల్సిన పిల్లైతే వెంట వచ్చే మనిషికి కూడా ఆ ఏర్పాటు ఉండాలె.

ఆ చట్టంలో 92వ సెక్షను మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలె. వికలాంగులను నలుగురి ముందర కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాక జైలు. ఎక్కడో విన్నట్టుందా? 1989 అట్రాసిటీ చట్టంలో మనల్ని కులం పేరుతో అవమానిస్తే వేసే శిక్ష కూడా అంతే. మన బిడ్డ దళిత బిడ్డ, వికలాంగ బిడ్డ అయితే రెండు చట్టాలూ ఆ బిడ్డ వెనుక నిలబడి ఉన్నయి. మనమే నిలబడలేదు.

చట్టం ఇట్లుంటే బడిలో జరిగేది ఎట్లుంది? ఏ పిల్లనూ కాదనొద్దని ఆర్డరు ఉంది కాబట్టి రిజిస్టరులో పేరు రాస్తరు. ఆ తర్వాత తల్లిని పిలిచి 'అమ్మా, ఈ పిల్లను రోజూ ఎందుకు తిప్పలు పెడతవు, ఇంట్లనే ఉంచు, మేం చూసుకుంటం' అని మెల్లగ చెప్తరు. కాగితం మీద దానికి 'ఇంటి వద్ద విద్య' అని పేరు. అసలు ఆ ఏర్పాటు ఎందుకు వచ్చింది? మంచం మీదనుంచి లేవలేని పిల్లకు కూడా చదువు అందాలని వచ్చింది. అది తీవ్రమైన వైకల్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్న పిల్లలు కోరుకుంటే తీసుకునే హక్కు. వద్దనుకున్న పిల్లలను బడి బయటికి నెట్టే తలుపు కాదు. ఎప్పుడో ఒకనాడు ఒక టీచరు వచ్చి సంతకం పెట్టించుకొని పోతే అది చదువు కాదు. పేరు బడిలో, పిల్ల ఇంట్లో.

మండల కేంద్రంలో 'భవిత' కేంద్రం ఉంటది. అక్కడ ప్రత్యేకంగా శిక్షణ పొందిన టీచర్లు ఉంటరు. పిల్లల కాళ్లు చేతులకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ కూడా ఏర్పాటు చేస్తరు. మంచిదే. కాని వాడనుంచి మండల కేంద్రానికి పిల్లను ఎత్తుకొని పోవాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతది. ఆటో కిరాయి పైన పడుతది. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్ల భత్యం సమగ్ర శిక్షలో ఉన్నయి. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు కూడా ఉంది. అవి ఎవరికి వచ్చినయి, ఎన్ని నెలలు వచ్చినయి అని అడిగినోళ్లు లేరు.

ప్రత్యేక టీచర్ల సంగతి మీద 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక టీచరు ఉండాలన్నది. రాష్ట్రాలు కదలకపోతే 2025 మార్చిలో మళ్లీ గుర్తుచేసి, పోస్టులు మంజూరు చేసి నోటిఫికేషన్లు ఇయ్యమన్నది. తీర్పు కాగితం ఊర్లోకి నడిచి రాదు. మనం పోయి తెచ్చుకోవాలె.

బడి కట్టడం చూడండి. చాలా బడుల్లో తరగతి గదికి వాలు దారి కట్టిన్రు. ఫోటో తీసి పంపిన్రు. మరి మరుగుదొడ్డికి? అక్కడ రెండు మెట్లు, ఇరుకు తలుపు, పట్టుకోను కడ్డీ లేదు. కాళ్లు లేని ఆడపిల్ల పొద్దందాక నీళ్లు తాగకుండ కూసుంటది. పెద్దమనిషి అయినంక బడి మానేస్తది. 'ఆ పిల్లకు చదువు మీద ఇష్టం లేదు' అని రాస్తరు. ఇష్టం లేక కాదు, మెట్టు దిగలేక.

అన్నిటికంటే గుండెను కోసేది మధ్యాహ్న భోజనం కాడ జరుగుతది. నోట్లెనుంచి చొంగ కారుతదని, మెతుకులు కింద పోస్తడని ఒక పిల్లవాణ్ణి దూరంగా గోడ పక్కకు కూసోబెడుతరు. వాడి పళ్లెం వేరే. వాడి పక్కన కూసుండొద్దని పిల్లలకు చెప్పింది ఎవరు? దొరల పిల్లలా? వాళ్లు సర్కారు బడికి వస్తలేరు, ప్రైవేటు బస్సెక్కి పోయిన్రు. ఇప్పుడు ఆ బడిలో ఉన్నది మన పిల్లలే, బీసీల పిల్లలే, లంబాడోళ్ల పిల్లలే. హోటళ్లల్ల రెండు గ్లాసుల మీద కొట్లాడినోళ్లం మనం. మన పిల్లలు తినే పంక్తిలో రెండో పళ్లెం ఉంటే మన కండ్లకు ఎందుకు ఆనుత లేదు?

ఉపాధ్యాయ మిత్రులు కొందరు నాతో అంటరు: 'మేడం, ఒక్కరమే నాలుగు తరగతులు చెప్తున్నం, ఈ పిల్లలను కూడా చూసుడు ఎట్ల?' వాళ్ల కష్టం నిజమే. టీచర్లు కావాలని కొట్లాడాలె. కాని పైసా ఖర్చు లేనివి కూడా ఉన్నయి. చూపు తక్కువున్న పిల్లను ముందు వరసలో కూసోబెట్టాలె, బోర్డు మీద పెద్ద అక్షరాలు రాసి, రాసింది పైకి చదవాలె. వినికిడి తక్కువున్న పిల్లకు మన మొహం కనపడాలె, బోర్డు దిక్కు తిరిగి మాట్లాడొద్దు. నిదానంగా అందుకునే పిల్లకు లెక్కలు చింతగింజలతో, పుల్లలతో చెప్పాలె, ఒక పని నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కటి నేర్పాలె. పక్కన కూసున్న పిల్లకు సాయం చేసుడు నేర్పాలె. నేను చేసి చూసిన. ఇట్ల చెప్తే ఆ ఒక్క పిల్లకే కాదు, వెనక బెంచీలో అర్థంకాక మౌనంగా కూసున్న పదిమందికీ పాఠం ఎక్కుతది. పూర్తిగా చెవులు వినపడని పిల్లకు మాత్రం ఇవి చాలవు. ఆ పిల్లకు సైగల భాష కావాలె, అది వచ్చిన టీచరు కావాలె. అది మన ఊరి బడిలో దొరకకుంటే ప్రత్యేక పాఠశాలకు పోయే హక్కూ చట్టంలో ఉంది. ఎంచుకునేది ఆ పిల్ల, ఆ తల్లిదండ్రులు. ఎంచేది హెడ్మాస్టరు కాదు.

ఇంకో సాకు 'రిజల్టు'. ఈ పిల్లలను చేర్చుకుంటే పది ఫలితాలు పడిపోతయట. ఈ మాట కూడా మనకు పాతదే. 'వీళ్లొస్తే మెరిట్ పోతది' అని రిజర్వేషన్ల మీద అన్నది ఇదే నోరు. మన పిల్ల అక్షరం తప్పు చదివితే 'వీళ్లకు చదువు అబ్బదు' అని కులం మీదికి తోస్తరు. కండ్లు పరీక్ష చేయించరు, చెవులు చూపించరు, చదువులో ఇబ్బంది ఏందో కనిపెట్టరు. అద్దాలు పెడితే తీరే బాధకు 'మొద్దు' అని ముద్ర వేసి కూలికి పంపుతరు. ఏకలవ్యుడి కథ గుర్తుందా? వాడు పుట్టు వికలాంగుడు కాదు. చదువు మీద హక్కు మాదే అన్న గురువు వాడి బొటనవేలు కోయించిండు. మన పిల్లలను అవిటివాళ్లను చేసేది కాళ్లు చేతులే కాదు, ఇట్లాంటి బడి కూడా.

మరి ఏం చేద్దాం? ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోవద్దు. ఐదు పనులు చెప్తున్న.

ఒకటి. మన వాడ లెక్క మనమే తీద్దాం. పుట్టినప్పటినుంచి 18 ఏండ్లదాక ఉన్న వికలాంగ పిల్లలందరి పేర్లు ఒక నోటుబుక్కులో రాద్దాం. తల్లిదండ్రులు పెట్టిన పేర్లే రాద్దాం. బడికి పోతున్నరా, పేరు మాత్రమే ఉందా, ఏం కావాలె అన్నది పక్కన రాద్దాం.

రెండు. సర్టిఫికెట్లు ఇప్పిద్దాం. క్యాంపు ఎప్పుడో కనుక్కొని, నలుగురైదుగురు తల్లులు కలిసి ఒక్క ఆటో మాట్లాడుకొని పోతే ఖర్చు తగ్గుతది. సర్టిఫికెట్టు చేతికొచ్చేదాక బడిలో చేర్చుకోం అంటే ఒప్పుకోవద్దు. బడి ప్రతి పిల్లకూ హక్కు.

మూడు. బడి యాజమాన్య కమిటీలో వందకు 75 మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యా హక్కు చట్టం. సగం మంది ఆడవాళ్లు ఉండాలె. ఆ కమిటీలో వికలాంగ బిడ్డ తల్లిని కూసోబెడదాం. మరుగుదొడ్డి మెట్టు సంగతి, భత్యం సంగతి ఆమె నోటితోనే అడిగిద్దాం. వినకుంటే మండల విద్యాధికారికి, అక్కడా కాకుంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు దరఖాస్తు పెడదాం.

నాలుగు. నెలకొకసారి మధ్యాహ్నం భోజనం టైముకు బడికి పోదాం. గొడవకు కాదు, పంక్తి చూడను. ఏ పిల్లైనా గోడ పక్కకు ఉంటే చేయి పట్టి తెచ్చి నడిమిట్ల కూసోబెడదాం. పక్కన మన పిల్లను కూసోబెడదాం.

ఐదు. ఇది సర్కారును అడిగేది కాదు, మనల్ని మనం అడిగేది. ఇయ్యాల్టినుంచి మన వాడలో ఏ పిల్లనూ అవిటితనం పేరుతో పిలవొద్దు. మన సంఘాల కమిటీల్లో వికలాంగులైన దళిత యువకులు, యువతులు ఉండాలె, వేదిక కింద కాదు, వేదిక మీద. వేదికకు మెట్లుంటే వేదికనే కిందికి దించుదాం. మన గురుకులాల్లో ఎంతమంది వికలాంగ పిల్లలున్నరో, వాళ్లకు ఏం ఏర్పాట్లున్నయో మన సంఘమే అడగాలె.

'చదువు, సమీకరించు, పోరాడు' అని మనం గోడల మీద రాసుకుంటం. ఆ మాటలో 'చదువు' మొదలున్నది. కండ్లు కనపడని పిల్ల వేళ్లతో చదువుతది. మాట రాని పిల్ల చేతులతో మాట్లాడుతది. నడవలేని పిల్ల మనం దారి వేస్తే చక్రాల కుర్చీ మీద మన ఊరేగింపు ముందర నడుస్తది. రాజ్యాంగం 41వ అధికరణంలో విద్య హక్కు, అంగవైకల్యం ఉన్నప్పుడు సర్కారు సాయం పక్కపక్కనే ఉన్నయి. బాబాసాహెబ్ కాగితం మీద పక్కపక్కన పెట్టినదాన్ని బడిలో పక్కపక్కన కూసోబెట్టే పని మనది.

రేపు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకొని మొదటి ఇంటినుంచి మొదలుపెడదాం. ఎవరెవరు వస్తరో ఇక్కడనే చేతులు ఎత్తండి.

జై భీం!